కొండ మీద ఊరికి వరద

ఇటలీలో ఒక కొండ మీద ఊరుంది. ఆ ఊరికి వరదొస్తే నలభై నిమిషాల పాటు ఆపి, ఒక్క ఇల్లు కూడా కూలకుండా నిలబెట్టినవాణ్ణి నేను. ఈ రెండు చేతులతో. గంటస్తంభం కాస్త తడిసింది, అంతే. ఇదంతా ఇటలీ గడ్డ మీద కాలు పెట్టకుండా, ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో నిలబడి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవక ముందే చేశాను.

ఈ సంగతి పెళ్ళిళ్ళలో చెప్పాను, పిక్నిక్కుల్లో చెప్పాను, కారు టైర్లు మార్పించడానికి వెళ్ళి కూర్చున్న చోట పక్కనున్న పెద్దమనిషికి కూడా చెప్పాను. ఒక్కోచోట ఒక్కో సైజులో చెప్పాను. ఏజాక్స్‌లో ఎవరింట్లోనో వ్రతం భోజనాలప్పుడు చెబితే ఊరికి ఓ మూడొందల గడప అదనంగా పెరిగింది. ఇప్పుడు మన సంఘం పత్రికవాళ్ళు, కొత్తగా వచ్చిన పిల్లలు చదువుతారు, మీ ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి రాయండి అన్నారు. కాగితం మీద పెట్టేటప్పుడు కొంచెం తగ్గించి పెట్టాలి. ఊరి వెడల్పు ఇరవై రెండు అంగుళాలు. ఎత్తు పదిహేను. నీటిరంగులతో కాగితం మీద వేసిన ఊరు. ఇంతవరకే తగ్గిస్తున్నాను. ఇంకా తగ్గించాల్సి వస్తే వచ్చినప్పుడు చూసుకుందాం.

నేను పటాలు కట్టేవాణ్ణి. ఊళ్ళో బంధువులకి ఫోన్లో "కళాఖండాల సంరక్షణ విభాగం" అని చెప్పేవాణ్ణి. విభాగంలో ఇద్దరం, నేనూ మా ఓనరూ. గోదావరి జిల్లాలో డ్రాయింగు మాస్టారిగా ఉన్నవాణ్ణి, మా ఆవిడ నర్సు కావడం వల్ల ఆవిడ వెనకాల ఈ దేశం వచ్చాను. బొమ్మ గీయడం తప్ప ఏదీ రానివాడికి కెనడాలో దొరికిన చోటు ఆ ఒక్క షాపే. నది ఒడ్డున పాత రాతి భవనం, కింద షాపు, వెనక వర్క్‌షాపు. కిటికీలోంచి నది కనిపించేది. గోదావరితో పోలిస్తే కాలవ, అయినా రోజూ చూసేవాణ్ణి.

మా ఓనరు మాటల్ని టీ స్పూనుతో కొలిచి వాడే మనిషి. ఇరవై రెండేళ్ళలో ఆయన నాతో మాట్లాడిందంతా కలిపితే మా ఆవిడ ఒక ఆదివారం మాట్లాడినంత ఉండదు. ఆయన పెట్టిన నియమాలు రెండే. ఒకటి, బొమ్మ తెచ్చినవాళ్ళని అది దేనితో వేశారో నోటితో అడుగు, చూసి ఊహించకు, అడిగి ఫారంలో రాయి. రెండు, నేను లేకుండా ఏ బొమ్మకీ నీళ్ళు తగలనివ్వకు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మీలో చాలామంది వచ్చిన ఏళ్ళే అవి. కేంబ్రిడ్జ్‌లో సిటీ బస్సెక్కితే కరీంనగర్ బస్టాండులో దిగినట్టుండేది. ముందు సీట్లో గుంటూరు, వెనక సీట్లో వరంగల్, మధ్యలో నిలబడి కర్నూలు. ఒకరు క్లాసుకి, ఒకరు గిడ్డంగిలో షిఫ్టుకి, ఒకరు గది వెతుక్కోవడానికి. ఊరివాళ్ళు కొందరు మొహం చిట్లించేవారు, బస్సుల్లో చోటు లేదని, బేస్‌మెంట్లు నిండిపోయాయని. మా షాపుకు మాత్రం కొత్త కళ వచ్చింది. వేంకటేశ్వరస్వామి పటాలు వచ్చేవి, అమ్మానాన్నల ఫోటోలు వచ్చేవి. డ్రైవింగ్ టెస్టు నాలుగోసారి పాసయ్యానని ఆ కాగితాన్ని పటం కట్టమని తెచ్చిన కుర్రాడు కూడా ఉన్నాడు. కట్టాను. బంగారు అంచు వేసి మరీ కట్టాను.

ఆ రోజుల్లోనే మా ఓనరు పార్ట్ టైముకి ఒక అమ్మాయిని తీసుకున్నాడు. కరీంనగర్ పిల్ల, కాలేజీలో సప్లై చైన్ చదివేది, పర్మిట్ ఒప్పుకున్నన్ని గంటలు మా దగ్గర పనిచేసేది. మొదటి రోజు అద్దం తుడవమంటే ఒక్క నూలుపోగు కూడా మిగలకుండా తుడిచింది. ఓనరు అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి "హు" అన్నాడు. ఆయన దగ్గర అది బిరుదు. నాకు ఆ "హు" రావడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ అమ్మాయి నేను చెప్పిందల్లా చిన్న నోట్‌బుక్కులో రాసుకునేది. నా మాట విని రాసుకునే మనిషి దొరికితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నేను డ్రాయింగు మాస్టార్నే మళ్ళీ. ఏ రంగు ఎండకి వెలుస్తుంది, కాగితం ఎందుకు పచ్చబడుతుంది, బొమ్మకీ అద్దానికీ మధ్య ఖాళీ ఎందుకుండాలి, చెప్పిందే చెప్పేవాణ్ణి. అడగనివి కూడా చెప్పేవాణ్ణి. వాటిలో కొన్ని నాకే తెలియవు.

ఆమె ఉండేది కొండవీధిలో ఒక ఇటాలియన్ ముసలావిడ ఇంటి బేస్‌మెంట్లో, ఇంకో ముగ్గురు తెలుగు అమ్మాయిలతో కలిసి. పిల్లలు ఆవిణ్ణి నోన్నా అనేవారు, అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఎనభై దాటిన మనిషి. పెళ్ళయిన కొత్తలో ఇక్కడికొచ్చి, ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. పొద్దున్నే మెట్ల మీద నిలబడి కిందికి "తిన్నావా?" అని అరిచేది. తెలుగులో ఆవిడకొచ్చిన మొదటి మాట అది. రెండో మాట "ఉప్పు లేదు." పిల్లలు పంపిన పప్పు గిన్నె తిరిగిచ్చేటప్పుడు వాడేది.

ఒక సోమవారం ఆ అమ్మాయి, ఆవిడ కలిసి బస్సులో ఒక బొమ్మ తెచ్చారు. తెల్ల దుప్పట్లో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చారు. దుప్పటి విప్పితే ఆవిడ పుట్టిన ఊరు. కొండ చుట్టూ మెలికలు తిరిగి పైకెక్కే దారి, తేనె రంగు గోడలు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్న పెంకుటిళ్ళు, పైన చర్చి, గంటస్తంభం, పక్కన సన్నగా నిటారుగా నాలుగు చెట్లు. బొమ్మలో సగం ఆకాశమే. మబ్బు తునక లేని నీలం. నేను చాలా బొమ్మలు చూశాను. ఆ ఇళ్ళు వేసిన చెయ్యి నాకు లేదు. ఈ ఒక్క మాటలో అతిశయం లేదు.

"సంతకం ఏదండీ?" అన్నాను.

"పూర్తి కాలేదు," అంది ఆవిడ.

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"నలభై ఏళ్ళయింది."

"ఏం తక్కువైంది?"

"తెలిస్తే పూర్తి చేసేదాన్ని కదా."

సంగతేమిటంటే, ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళు వేసిన బొమ్మలతో ఏటా ఒక ప్రదర్శన పెడతారు. ఆవిడ చాలా ఏళ్ళు వేరే బొమ్మలు పంపింది, తీసుకోలేదు. ఆ ఏడు ఆవిడకి చెప్పకుండా మా షాపు అమ్మాయి దీన్ని ఫోన్లో ఫోటో తీసి పంపితే తీసుకున్నారు. శుక్రవారం గోడకి ఎక్కించాలి. ఇంకో చిక్కుంది. ఆవిడ చూపు మధ్యభాగం చెడిపోతోంది. ఎదురుగా చూస్తే మసక, పక్కకి చూస్తే కొంచెం కనిపిస్తుంది. ఆ పక్క చూపు కూడా చలికాలం దాకా ఉంటే గొప్ప అని డాక్టరు చెప్పాడట.

"గోడ మీద ఒక్కసారి చూడాలి. ఈ కళ్ళతోనే," అంది ఆవిడ. ఏడుపు గొంతు కాదు. దుప్పట్లో మరక పోవాలి అన్నట్టు చెప్పింది.

నేను ఫారం తీశాను. పేరు, కొలత, ఫ్రేము రంగు. తర్వాతి గడి: దేనితో వేశారు? నేను ఆవిణ్ణి అడగలేదు. డ్రాయింగు మాస్టారికి నీటిరంగు ఇదీ అని ఒకరు చెప్పాలా? "వాటర్ కలర్" అని గుండ్రటి అక్షరాలతో రాసేశాను.

బుధవారం ఓనరు పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. బొమ్మ కాగితం నలభై ఏళ్ళు బీరువా మీద పడి అలలు తిరిగి ఉంది. అలాగే కడితే అద్దానికి తగులుతుంది. దాన్ని చదును చేయాలంటే వెనకవైపు సన్నగా నీళ్ళు చల్లి, పీల్చుడు కాగితాల మధ్య పెట్టి, బరువు ఎత్తాలి. దానికి ముందు తడి దూది పుల్లతో ఒక్కో రంగునూ ముట్టుకుని చూడాలి. దూదికి రంగంటితే నీళ్ళ జోలికి పోకూడదు. ఓనరు వచ్చేదాకా ఆగాలన్నది నియమం. కానీ పక్కన నోట్‌బుక్కు తెరుచుకుని ఉంది. పెన్ను మూత తీసి ఉంది. శ్రోత ఎదురుచూస్తోంది.

"చూడు తల్లీ, ఇది అందరి వల్లా అయ్యే పని కాదు," అని మొదలుపెట్టాను.

పెంకుల ఎరుపు ముట్టుకున్నాను. దూది తెల్లగానే ఉంది. గోడల పసుపు, చెట్ల ఆకుపచ్చ, గంటస్తంభం బూడిదరంగు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆకాశం దగ్గరికొచ్చేసరికి నాకు మా స్కూలు గుర్తొచ్చింది.

"ఈ నీలం చూశావా? అచ్చం మా యూనిఫాం చొక్కా నీలం. తెల్ల చొక్కానే అనుకో, కానీ మా అమ్మ ఉతికి నీలి పెట్టేది. ఒక్కోసారి ఎక్కువ పడేది. అప్పుడు మా క్లాసులో నేనొక్కణ్ణే ఆకాశంలా ఉండేవాణ్ణి. మా హెడ్మాస్టరు…"

హెడ్మాస్టరు కథ పావుగంట నడిచింది. అందులో నేను స్కూలు గోడ మీద గీసిన బొమ్మ, దాన్ని చూడ్డానికి జిల్లా కలెక్టరు రావడం ఉన్నాయి. కలెక్టరు రాలేదు. గోడకి సున్నం వేయించింది మా నాన్న. అది వేరే సంగతి.

కథయ్యాక స్ప్రే సీసా తీశాను.

"అంకుల్, స్కై చెక్ చేసిన్రా?" అంది అమ్మాయి.

"ఆకాశం ఎక్కడికీ పోదు తల్లీ," అన్నాను.

బొమ్మని బోర్లా వేసి వెనక నీళ్ళు చల్లాను. సన్నగా చల్లాలి. చూసేవాళ్ళుంటే నా చెయ్యి ధారాళం. అయిదు నిమిషాలాగి, అలలు పోయాయో లేదో చూద్దామని బొమ్మని ఎత్తి నిలబెట్టాను.

ఆకాశం దిగడం మొదలుపెట్టింది.

ముందు ఒక నీలం చార గంటస్తంభం మీదికి జారింది. తర్వాత రెండు. చర్చి కప్పు మీదుగా ఇళ్ళలోకి, ఇళ్ళలోంచి దారిలోకి. కింద పరిచిన పీల్చుడు కాగితం నిండా ఒక నీలం చెరువు. నలభై ఏళ్ళు కదలని ఆకాశం నా చేతుల్లో నీరుగారిపోతోంది.

ఇక్కడ నేను మామూలుగా చెప్పేది ఇది: "క్షణం తడబడలేదు. బొమ్మని చదునుగా పడుకోబెట్టాను. రంగు ఆరి అంటుకుపోకుండా నలభై నిమిషాలు తడి నిలబెట్టాను. చిత్రకారిణికి కబురు పంపాను."

ఇందులో కర్తని మార్చాలి.

బొమ్మని నా చేతుల్లోంచి లాక్కుని పడుకోబెట్టింది ఆ అమ్మాయి. పడుకోబెట్టి, వేలి చివరతో నీలాన్ని ముట్టుకుని, వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"అంకుల్, ఇది పెయింట్ కాదు. నీలిమందు. మా నాయనమ్మ తెల్లచీరలకు పెడ్తది. నోన్నా లాండ్రీల పని చేసింది కదా!"

పావుగంట క్రితం నా నోటితో నేనే చెప్పాను, అచ్చం నీలి పెట్టిన చొక్కా అని. నా చెవికి ఎక్కలేదు. నీటిరంగులో జిగురుంటుంది, కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. నీలిమందుకి జిగురెక్కడిది? నీళ్ళు తగలగానే బకెట్లో కరిగినట్టు కరుగుతుంది. మా అమ్మ బకెట్ పక్కన పదేళ్ళు నిలబడినవాడికి ఎవరో చెప్పాలా? చెప్పాల్సొచ్చింది.

అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. వెంటనే ఆరబెట్టేసి, తెచ్చినప్పుడే ఇలా ఉందండీ, మీ చూపుకి తెలియలేదేమో అని ఆవిడతో అందామనుకున్నాను. చూపు పోతున్న మనిషితో. అవునండి, అందామనుకున్నాను. డ్రయ్యర్ ప్లగ్గు పెట్టాను కూడా.

అమ్మాయి ప్లగ్గు పీకేసింది.

"ఆరితే ఇంక రాదు, అట్లనే పట్టుకుంటది. మీరే కదా అంకుల్ మొన్న చెప్పిన్రు. రాసుకున్న నేను."

"ఓనరొస్తే నా ఉద్యోగం పోతుంది తల్లీ."

"ఆమెకు చెప్పాలె."

"సాయంత్రం చెబుదాం. నెమ్మదిగా."

"సాయంత్రానికి ఆరిపోతది. నేనే ఫోన్ చేస్త."

చేసింది. నేను వెనక పార్కింగులోకి వెళ్ళి చెత్తడబ్బా పక్కన నిలబడ్డాను. ఇరవై ఏళ్ళలో ఒక్క బొమ్మ కూడా చెడగొట్టలేదని వచ్చిన ప్రతివాడికీ చెప్పినవాణ్ణి. లోపల ఆ అమ్మాయి రెండు నిమిషాలకోసారి సీసాతో పొగమంచంత నీళ్ళు చల్లుతూ, పైన ప్లాస్టిక్ కప్పుతూ, తడి ఆరకుండా కాస్తూ ఉంది. ఆ నలభై నిమిషాలూ ఆమెవి. నావి చెత్తడబ్బా పక్కనివి.

నోన్నా వంట ఏప్రన్‌తోనే టాక్సీ దిగింది. వర్క్‌షాపులోకి వచ్చి, బల్ల మీదికి వంగి, కాకి చూసినట్టు తల పక్కకి వాల్చి బొమ్మని చూసింది. ఎడమ నుంచి చూసింది, కుడి నుంచి చూసింది. నేను క్షమాపణలు, ఇన్సూరెన్సు, నష్టపరిహారం అన్నీ కలిపి ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను.

"నీళ్ళు పోశావా?" అంది.

"పోశాను."

"దేనితో వేశానో అడిగావా?"

"అడగలేదు."

ఆవిడ నీలం మీద వేలు పెట్టి చూసుకుంది.

"అడిగినా చెప్పేదాన్ని కాదు," అంది. "సిగ్గు. రంగు గొట్టాలు కొన్నాను, ఇళ్ళు వేశాను, చెట్లు వేశాను. ఆకాశానికొచ్చేసరికి నీలం అయిపోయింది. మళ్ళీ కొనే రోజులు కావు. లాండ్రీలో పొట్లాలు ఉండేవి. ఒకటి ఏప్రన్‌ జేబులో వేసుకొచ్చాను. అసలైన చిత్రకారులు ఎవరైనా అలా చేస్తారా? అందుకే నోరు విప్పలేదు."

అప్పుడు మా అమ్మాయి, "నోన్నా, మా ఇంట్లో వైట్ సారీ అంటేనే అది ఉండాల్సిందే," అంది. ఇంగ్లీషులోనే అంది గానీ వాళ్ళ నాయనమ్మ, బకెట్, తీగ మీద ఆరేసిన చీర అంతా చేతులతో చూపించింది. నోన్నా మొహంలో ఏదో సడలింది. ఆసుపత్రి లాండ్రీకీ కరీంనగర్ పెరటికీ ఒకటే పొట్లమని తెలిసినట్టుంది.

ఏప్రన్ కొంగు నడుముకి దోపి, "బ్రష్షు," అంది. "మెత్తటి గుడ్డ. మంచి నీళ్ళు. నువ్వు వెలుతురుకి అడ్డం లే."

లేచాను.

ఆ తర్వాత చూసింది నేను జన్మలో మరిచిపోను. ఆవిడ బొమ్మ వైపు మొహం పెట్టలేదు. మొహం కిటికీ వైపు, కంటికొస మాత్రం బొమ్మ మీద, చెయ్యి తన దారిన తాను. గుడ్డ మొనతో గంటస్తంభం మీది నీలాన్ని ఒత్తి ఎత్తేసింది. ముప్ఫై ఏళ్ళు మరకలు తీసిన చెయ్యి, ఎక్కడ ఒత్తాలో ఎక్కడ వదలాలో దానికి తెలుసు. జారిన చారల్ని చెరపలేదు. తడి బ్రష్షుతో ఒక వాలుకి లాగింది. ఇళ్ళ కప్పులు తడిసి ముదురెక్కాయి. గోడల కింద నీడ చేరింది. కొండదారి సన్నటి వాగులా మెరిసింది. పోస్టుకార్డులా ఎండలో ఆరేసినట్టున్న ఊరు, మనుషులు తలుపులేసుకుని లోపల పొయ్యి ముట్టించుకున్న ఊరయింది.

మా అమ్మాయి ఊపిరి పీల్చడం మానేసింది. నేను మాట్లాడటం మానేశాను. రెండోదే అరుదు.

చివరికి సన్న బ్రష్షు అడిగింది. పీల్చుడు కాగితం మీది నీలం చెరువులో ముంచింది. బొమ్మ కుడివైపు అడుగున, తల వాల్చి, నెమ్మదిగా తన పేరు రాసింది.

"పూర్తయిందా అండీ?" అన్నాను.

"సంతకం కనిపించలేదా? నాకన్నా నీ కళ్ళు బాగున్నాయనుకున్నానే!"

సరిగ్గా అప్పుడు ఓనరు వచ్చాడు. పన్ను పీకిన వైపు బుగ్గ మొద్దుబారి వేలాడుతోంది. జరిగింది చెప్పాను. మధ్యలో రెండుచోట్ల మార్చబోతే అమ్మాయి గొంతు సవరించింది, మార్చలేదు. డ్రయ్యర్ సంగతి మాత్రం దాటేశాను, అమ్మాయి కూడా దాటనిచ్చింది. ఆయన బొమ్మ చూశాడు. ఫారం తీసి, దేనితో వేశారు అన్న గడి మీద వేలు పెట్టి నావైపు చూశాడు. ఏదో అన్నాడు, సగం నోటితో ఉమ్ము తప్ప ఏమీ రాలేదు. నా అదృష్టం ఆ దంతవైద్యుడి రూపంలో వచ్చింది. మర్నాటికి నోరు బాగయ్యాక కూడా ఒక్క మాటనలేదు. స్ప్రే సీసా మాత్రం తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. నేను రిటైరయ్యే రోజుకి కూడా ఆ తాళం తీయలేదు.

బొమ్మ బరువు కింద ఒక రాత్రి ఆరింది. గురువారం ముగ్గురం కలిసి కట్టాం. గోడ మీద బొమ్మ పక్కన అంటించే చీటీలో "వాటర్ కలర్" అని రాస్తుంటే నోన్నా ఫోన్లో, "మొత్తం రాయండి," అందట. "వాటర్ కలర్, లాండ్రీ బ్లూ" అని రాశాం. నలభై ఏళ్ళు దాచిన పొట్లం లైబ్రరీ గోడకెక్కింది.

ప్రదర్శన మొదలైన ఆదివారం లైబ్రరీలో ఏం జరిగిందో కేంబ్రిడ్జ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కనీసం నేను చెబుతాను. వచ్చినవాళ్ళు నచ్చిన బొమ్మకి ఓటేయడానికి ఒక పెట్టె పెట్టారు. ఓటనే మాట వినగానే నా ఒంట్లో రక్తం మేల్కొంది. మా జిల్లాలో సర్పంచి ఎన్నికలు చూసినవాణ్ణి. స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ మెసేజీ పెట్టించాను. పొద్దున్న షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చారు, మెరిసే జాకెట్లు కూడా విప్పకుండా. బస్సు ఆగినప్పుడల్లా పదిమంది దిగుతున్నారు. లైబ్రరీ చరిత్రలో అంత మంది పాతికేళ్ళ పిల్లలు ముసలివాళ్ళ బొమ్మలు చూడ్డానికి రావడం అదే మొదలని చెప్పగలను.

గుమ్మం దగ్గర నిలబడి, "మూడో గోడ, నీలం బొమ్మ, మరిచిపోకండి," అని వచ్చినవాళ్ళకల్లా చెబుతుంటే మా అమ్మాయి వచ్చి చొక్కా పట్టుకు లాగింది.

"అంకుల్, ఇది రిగ్గింగ్. నోన్నాకు తెలిస్తే చంపేస్తది. వాళ్ళే చూసి వేసుకోనియ్యండి."

"వాళ్ళు వేరే బొమ్మకేస్తే?"

"వేస్తే వేస్తరు. మీ బొమ్మ మీద మీకే నమ్మకం లేదా?"

కాఫీ బల్ల దగ్గర కూర్చోబెట్టి కదలొద్దంది. కూర్చున్నాను. అక్కణ్ణుంచి చూశాను. పిల్లలు ఓటేసి వెళ్ళిపోలేదు. మూడో గోడ దగ్గర నిలబడిపోయారు. చీటీ చదివి, "అరే, నీలిమందు రా!" అని ఒకడు కేకేశాడు. ఇంకొకడు వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి, "అమ్మా, చూడు, దీంతోనే వేసింది," అని చూపిస్తున్నాడు. ఫోన్లోంచి వాళ్ళమ్మ, ఆ పొట్లం ఇప్పటికీ మనింట్లో ఉందిరా అంటోంది. బేస్‌మెంట్లలో పిల్లలెక్కువయ్యారని సిటీకి ఉత్తరం రాసిన పొరుగింటావిడ కూడా అక్కడే ఉంది. నీలిమందంటే ఏమిటని మా అమ్మాయినే అడిగింది. అమ్మాయి చేతులతో మళ్ళీ బకెట్ చూపించింది.

నోన్నా మధ్యాహ్నం వచ్చింది. నల్ల గౌను, ముత్యాల దండ. పిల్లలు రెండువైపులా తప్పుకుని దారిచ్చారు. బొమ్మకి ఎడమగా నిలబడి చూసింది. కుడివైపు నడిచి మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది, చలికాలానికి సరిపడా దాచుకుంటున్నట్టు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, అంత నిశ్శబ్దంలో, అంతమంది ముందు, "తిన్నారా?" అంది. గది మొత్తం ఒక్క గొంతుతో నవ్వింది.

ఓట్లు లెక్కపెట్టారు. ఆవిడే గెలిచింది. స్టూడెంట్ల ఓట్లు తీసేసినా ఆవిడే గెలిచేదని లైబ్రరీవాళ్ళు అన్నారు. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది. మా అమ్మాయికి గుర్తులేదు. అలా అసలెవరూ అనలేదంటుంది. ఎవరో ఒకరు అని ఉంటారు.

పిల్లలూ, ఈ కథలో నేను గెలవలేదని మీకిప్పటికి తెలిసిపోయి ఉంటుంది. అయినా ఆ రోజు లైబ్రరీ మెట్లు దిగుతుంటే నాకు గెలిచినట్టే ఉంది. రేపు మీరు ఏ ఆఫీసులో కూర్చున్నా సరే, ఫారంలో గడి ఉంటే ఎదుటిమనిషిని నోటితో అడగండి. పక్కన నిలబడ్డ చిన్నపిల్ల ఆకాశం చూశారా అంటే, చూడండి. అరవై ఏళ్ళు దాటాక నేర్చుకున్నవి ఈ రెండే. మొదటిది మా ఓనరు నాకు మొదటి రోజే చెప్పాడు, రెండోది ఆ అమ్మాయి చెప్పింది.

ఇది పత్రికకి పంపే ముందు, నిన్న ఆదివారం, నోన్నా ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడకిప్పుడు మొహాలు ఆనవు, నా దగ్గు వినగానే, "వచ్చాడు వరదమనిషి," అంటుంది. మా అమ్మాయి కూడా వచ్చింది. ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఒక గిడ్డంగికి ప్లానింగ్ అంతా తనే చూస్తోంది. నేను తెలుగులో చదువుతుంటే వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. డ్రయ్యర్ దగ్గర మాత్రం ఆగి నావైపు చూసింది. చెప్పమన్నాను. చెప్పింది. నోన్నా కాఫీ కప్పు నా వైపు జరిపింది. అంతా అయ్యాక, ఆఖర్న పెడదామని రాసుకొచ్చిన వాక్యం గంభీరంగా చదివాను: "ఆ విధంగా, నలభై ఏళ్ళు ఎండలో నిలబడిపోయిన ఆ కొండ ఊరికి, చివరికి నా చేతుల మీదుగా వాన కురిసింది."

అమ్మాయి దాన్ని కూడా చెప్పింది. నోన్నా కప్పు బల్ల మీద ఠక్కుమని పెట్టింది.

"వానేమిటి? అది వాన కాదు. మా ఊళ్ళో వాన లోయలోంచి పైకొస్తుంది, ఆకాశంలోంచి అలా కారదు. అది నువ్వు చేసిన తప్పు. బాగుంది కాబట్టి కింద నా పేరు రాశాను. అలాగే రాయి."